రొయ్య నడిచే దారి అందరికీ కనిపించాలి



ఈ పూట రొయ్యల గురించి మాట్లాడుకుందాం. సాగు ఎలా చేయాలి, మేత ఎంత వేయాలి అన్న సంగతులు కావు. చెరువులోంచి బయటికి వచ్చిన రొయ్య తినేవాళ్ల కంచంలోకి చేరేదాకా ఎన్ని చేతులు మారుతుంది, ఆ దారిలో ఎవరికి ఏం కనిపిస్తుంది, ఎవరికి ఏం కనిపించదు అన్నది ఇవాళ్టి విషయం. సరఫరా గొలుసులో పారదర్శకత అని పెద్ద పెద్ద సభల్లో మాట్లాడుకునేది దీని గురించే. ఆ సభల్లో ఎక్కువగా వినిపించేది కొనేవాళ్ల గొంతు. పండించేవాళ్ల వైపు నుంచి కూడా ఈ మాట ఒకసారి చెప్పుకోవాలి.

ముందు ఈ వ్యాపారం ఎంత పెద్దదో చూద్దాం. 2024-25లో మన దేశం దాదాపు 17 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది. విలువ 62,408 కోట్ల రూపాయలు. అందులో గడ్డకట్టించిన రొయ్యలే 43 వేల కోట్లు దాటాయి. అంటే వచ్చిన ప్రతి మూడు రూపాయల్లో రెండు రూపాయలు రొయ్యవే. దేశంలో చెరువు రొయ్యలు అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లో. భీమవరం, నెల్లూరు, కాకినాడ, ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లలో చెరువు గట్టు మీద నిలబడ్డ మనిషికీ, అమెరికాలో ఒక దుకాణం ఫ్రీజర్ ముందు నిలబడ్డ మనిషికీ మధ్య ఇంత డబ్బు నడుస్తోంది. కానీ ఆ ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

ఆ దారి ఎక్కడ మొదలవుతుందో చూడండి. మనం ఇప్పుడు ఎక్కువగా పెంచేది వనామీ రొయ్య. ఇది మన నేలది కాదు. లాటిన్ అమెరికా పసిఫిక్ తీరంలో పుట్టిన రకం. మన దగ్గర అంతకు ముందు టైగర్ రొయ్య పెంచేవారు. 1990ల మధ్యలో తెల్లమచ్చ వ్యాధి వచ్చి ఆ సాగును కుదిపేసింది. 2009లో ప్రభుత్వం వనామీకి అనుమతి ఇచ్చింది. ఫలానా ఫలానా రోగాలు లేవని నిర్ధారించిన తల్లి రొయ్యలను హవాయి, ఫ్లోరిడా లాంటి చోట్ల నుంచి విమానంలో తెస్తారు. చెన్నై దగ్గర నీలాంకరైలో ఉన్న క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు చేసి, ఆ తర్వాతే అనుమతి ఉన్న హేచరీలకు ఇస్తారు. హేచరీలో ఆ తల్లుల నుంచి వచ్చిన పిల్లలను మన రైతులు సీడ్ అంటారు. సీడ్‌ను ఆక్సిజన్ నింపిన సంచుల్లో పెట్టి చెరువులకు తోలుతారు.

ఇక్కడిదాకా కాగితాలు పక్కాగానే ఉంటాయి. తల్లి రొయ్య ఏ దేశం నుంచి, ఏ విమానంలో, ఏ తేదీన వచ్చిందో రికార్డు ఉంటుంది. కానీ సీడ్ సంచీ రైతు చేతికి వచ్చేసరికి ఆ రికార్డులో ఎంత మిగులుతుంది? ఈ పిల్లలు నిజంగా ఆ దిగుమతి తల్లుల పిల్లలేనా, ఏదో చెరువులో పెరిగిన రొయ్యనే తల్లిగా వాడి తీసిన పిల్లలా అన్నది రైతు కంటికి తెలిసే విషయం కాదు. రెండూ ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది నెలన్నర తర్వాత. ఎదుగుదల ఆగిపోయినప్పుడో, ఈహెచ్‌పీ అనే రోగం ఉందని ల్యాబు చెప్పినప్పుడో తెలుస్తుంది. అప్పటికి మేత ఖర్చు సగం పెట్టేసి ఉంటాడు.

ఇక చెరువు. పంట కాలం సుమారు నాలుగు నెలలు. కిలో రొయ్య తీయడానికి కిలోన్నర దాకా మేత పడుతుంది. మొత్తం ఖర్చులో సగం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, మేతకే పోతుంది. దాని మీద ఏరియేటర్లకు కరెంటు, డీజిలు, మినరల్స్, ప్రోబయోటిక్స్. రాత్రి పూట కరెంటు పోయి ఏరియేటర్లు గంటసేపు ఆగాయంటే రైతుకు నిద్ర ఉండదు. నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే తెల్లారేసరికి పంట మొత్తం పోవచ్చు.

తర్వాత పట్టుబడి. ఇది కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే అసలు కథ ఇక్కడే ఉంది. తెల్లవారుజామున వల దిగుతుంది. ఐసు లోడుతో లారీ గట్టు మీద నిలబడి ఉంటుంది. పట్టుబడి మనుషులు రొయ్యలను ట్రేలకు ఎత్తి, నీళ్లు ఓడేదాకా ఆగి, కాటా మీద పెడతారు. అప్పుడు కౌంట్ తీస్తారు. ఒక కిలో తూచి, అందులో ఎన్ని రొయ్యలు ఉన్నాయో లెక్కపెడతారు. 30 వస్తే 30 కౌంట్, రొయ్య ఒక్కోటి 33 గ్రాములు. 50 వస్తే 20 గ్రాములు. వంద వస్తే 10 గ్రాములు. కౌంట్ పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, ధర తక్కువ. గుల్ల మెత్తగా ఉన్నవాటిని పక్కకు తీసి వాటికి వేరే ధర కడతారు.

ఆ ఒక్క కిలో ట్రేలో ఏ మూల నుంచి తీశారు? ఎన్నిసార్లు తీసి సగటు కట్టారు? నీళ్లు పూర్తిగా ఓడాయా? లెక్క 40 దగ్గర ఆగిందా, 42 దగ్గర ఆగిందా? వినడానికి చిన్న విషయాలు. మూడు టన్నుల పట్టుబడిలో కిలోకు పది రూపాయలు తేడా వచ్చిందంటే ముప్పై వేల రూపాయలు. చిన్న రైతుకు అది పిల్లల ఫీజు, లేదంటే కౌలు బాకీలో ఒక వాయిదా. అందుకే ఆ కాటా చుట్టూ అంతమంది నిలబడి చూస్తారు.

లారీ కదిలిన తర్వాత రైతుకు ఇంకేమీ కనిపించదు. చిన్న చెరువులో లారీ నిండేంత సరుకు ఉండదు. కాబట్టి కొనుగోలు ఏజెంటు రెండు మూడు చెరువుల సరుకు కలిపి ఒకే లారీలో ప్రాసెసింగ్ ప్లాంటుకు పంపుతాడు. ప్లాంటులో కడుగుతారు, తల తీస్తారు, సైజు వారీగా వేరు చేస్తారు, పొట్టు ఒలుస్తారు, గడ్డకట్టిస్తారు, పెట్టెల్లో సర్దుతారు. పెట్టె మీద లాట్ నంబరు పడుతుంది. విశాఖపట్నం లాంటి రేవులో కంటెయినర్ ఎక్కుతుంది. అక్కడి నుంచి ఆ లాట్ నంబరు పట్టుకుని ప్రపంచంలో ఎక్కడిదాకానైనా వెళ్లవచ్చు. కానీ అదే నంబరు పట్టుకుని వెనక్కి వస్తే, మూడు చెరువుల సరుకు ఒకే లారీలో కలిసిన ఆ తెల్లవారుజాము దగ్గర దారి మసకబారుతుంది. గొలుసులో మిగతా లంకెలన్నీ గట్టిగా ఉన్నా, ఆ ఒక్కటి వదులైతే మొత్తం రికార్డు మీద నమ్మకం పోతుంది.

కొనేవాళ్లు ఈ వివరాలు ఇంత పట్టుగా ఎందుకు అడుగుతున్నారు అని మన రైతులు విసుక్కుంటారు. అడగడానికి కారణం ఉంది. అదేమిటో కూడా చెప్పుకుందాం.

క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్ మందులు రొయ్యల సాగులో వాడకూడదు. మన దేశంలోనూ నిషేధమే. క్లోరాంఫెనికాల్ కొందరిలో ఎముక మూలుగను దెబ్బతీసి, రక్తం తయారు కాకుండా చేస్తుంది. నైట్రోఫ్యూరాన్ల విషయంలో క్యాన్సర్ అనుమానం ఉంది. వీటన్నిటికీ మించి, యాంటీబయాటిక్స్‌ను ఎడాపెడా వాడితే సూక్ష్మజీవులు వాటికి లొంగకుండా తయారవుతాయి. రేపు మన ఇంట్లో పిల్లవాడికి జ్వరం వచ్చి డాక్టరు మందు రాస్తే ఆ మందు పనిచేయకపోవచ్చు. నష్టం అమెరికా వాళ్లకే కాదు, ముందు మనకే. ఇంకో మాట కూడా రైతు సోదరులు గుర్తుంచుకోవాలి. తెల్లమచ్చ వైరస్ వల్ల వచ్చే జబ్బు. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. డబ్బు పోతుంది, పంట దక్కదు, పైగా సరుకు తిరస్కరిస్తారు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అని పెద్దలు ఊరికే అనలేదు.

పరీక్ష ఎంత సూక్ష్మంగా ఉంటుందో చెబుతాను. ఐరోపా సమాఖ్య 2022 నవంబరు నుంచి నైట్రోఫ్యూరాన్ అవశేషాలకు పెట్టిన గీత కిలోకు అర మైక్రోగ్రాము. అంటే రెండు వేల టన్నుల రొయ్యల్లో ఒక్క గ్రాము. ఒక కంటెయినర్లో ఇరవై టన్నులు పడతాయనుకుంటే, వంద కంటెయినర్ల సరుకులో ఒక గ్రాము. ఆ గీత దాటితే సరుకు లోపలికి రానివ్వరు. 2016 నుంచి మన చెరువు రొయ్యల విషయంలో ఐరోపా వాళ్లు వచ్చిన సరుకులో సగం నుంచి నమూనాలు తీసి పరీక్షిస్తున్నారు. అంతకు ముందు పది శాతమే తీసేవారు. కొద్దిమంది చేసిన పనికి పెంచిన తనిఖీ ఇది. భారం మాత్రం అందరి మీదా పడింది.

అమెరికా లెక్క ఇంకో రకం. 2018 డిసెంబరు 31 నుంచి అక్కడికి వెళ్లే రొయ్యలకు ఎక్కడ పెంచారు, ఎప్పుడు పట్టారు, మొదట ఎవరు కొన్నారు అన్న వివరాలు దిగుమతిదారు సమర్పించాలి. దీనికి తోడు వాళ్ల ఆహార, ఔషధ సంస్థ 2022లో ఇంకో నియమం తెచ్చింది. రొయ్య, పీత లాంటివి కూడా ఉన్న ఒక జాబితాలోని ఆహారాలకు, అధికారులు అడిగితే 24 గంటల్లో పూర్తి జాడ చూపించగలగాలి. దాని అమలుకు 2026 జనవరి అని పెట్టిన గడువును 2028 జూలైకి పొడిగించారు. పొడిగించారని ఊరుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. సిద్ధపడడానికి సమయం దొరికింది, అంతే.

జాడ తెలిసి ఉండడం వల్ల మేలు ఎవరికో చెప్పడానికి ఒక సంఘటన చెబుతాను. 2025 ఆగస్టులో ఇండోనేషియా నుంచి అమెరికా రేవులకు వచ్చిన రొయ్యల కంటెయినర్లలో సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ఆనవాళ్లు కనిపించాయి. కొన్ని లాట్ నంబర్ల సరుకును దుకాణాల నుంచి వెనక్కి రప్పించారు. సరుకు రికార్డు పట్టుకుని వెనక్కి వెళ్తే ప్లాంటు ఉన్న చోటు తేలింది. జావా ద్వీపంలో చికాండే అనే పారిశ్రామిక వాడ. అక్కడే పాత ఇనుము కరిగించే ఒక కర్మాగారం దగ్గర కాలుష్యం మొదలైనట్టు దర్యాప్తులో బయటపడింది. జాడ లేకపోయి ఉంటే ఏమయ్యేది? ఇండోనేషియా చెరువులన్నిటి మీదా అనుమానం పడేది. రికార్డు ఉన్నందువల్ల నిందను కొంత ప్రాంతానికి కుదించగలిగారు. రైతుకు జాడ అంటే భయం ఉండనవసరం లేదు. తప్పు చేయనివాడికి అది సాక్ష్యం.

మనుషుల బతుకుల విషయంలోనూ ఇదే జరిగింది. 2015లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థకు చెందిన విలేకరులు ఇండోనేషియాలోని బెంజినా అనే దీవి గ్రామంలో చేపల పడవల మీద బానిసల్లా పని చేస్తున్న మనుషులను కనుగొన్నారు. వాళ్లు పట్టిన చేప ఎక్కడికి పోతోందో కనిపెట్టడానికి ఓడను ఉపగ్రహం ద్వారా గమనించారు, రేవులో లారీల వెంట పడ్డారు, థాయిలాండ్ ఫ్యాక్టరీల మీదుగా అమెరికా దుకాణాలదాకా దారి గీశారు. అదే ఏడాది థాయిలాండ్ రొయ్యల పొట్టు ఒలిచే షెడ్లలో నిర్బంధ కూలీల సంగతీ బయటపెట్టారు. రెండు వేల మందికి పైగా విడుదలయ్యారు. 2016లో ఆ విలేకరుల పనికి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఏళ్ల తరబడి ఎవరికీ తెలియని మనుషులు, సరుకు నడిచే దారి తెలియగానే ప్రపంచం కంటపడ్డారు.

మన ప్లాంట్లలోనూ తల తీసే, పొట్టు ఒలిచే పని ఎక్కువగా చేసేది ఆడవాళ్లే. ఐసు నీళ్లలో చేతులు నానుతాయి, గంటల తరబడి నిలబడే ఉంటారు. చాలామంది కాంట్రాక్టరు కింద పనిచేస్తారు, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. 2024లో అమెరికాలో వెలువడిన నివేదికలు ఆంధ్ర రొయ్యల ప్లాంట్లలో కూలీల పరిస్థితి మీద ప్రశ్నలు లేవనెత్తాయి. వాటికి కోపం తెచ్చుకునే బదులు రికార్డు చూపించడం మంచిది. ఎవరు పనిచేశారు, ఎన్ని గంటలు చేశారు, ఎంత కూలి ఎవరి ఖాతాలో పడింది అన్నది పెట్టె మీది లాట్ నంబరులాగే పక్కాగా ఉండాలి.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు మాటకు వస్తాను. ఇంతవరకు కట్టిన జాడ వ్యవస్థ అంతా ఒక వైపు నుంచే చూస్తుంది. అమెరికా దిగుమతిదారు మన చెరువును చూడాలనుకుంటున్నాడు. ఐరోపా అధికారి మన మేతను, మందును చూడాలనుకుంటున్నాడు. అడగనివ్వండి, చూపిద్దాం. కానీ రైతుకు అవతలి వైపు ఏం కనిపిస్తోంది? తన సరుకు ఏ ప్లాంటుకు వెళ్లింది, ఏ దేశానికి వెళ్లింది, పరీక్షలో ఏం తేలింది, అక్కడ ఏ ధర పలికింది, ఇవేవీ అతనికి తెలియవు. ఏజెంటు ఫోనులో చెప్పిన ధరే అతనికి తెలిసిన ప్రపంచ మార్కెట్టు.

2025 ఏప్రిల్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 2వ తేదీన అమెరికా మన సరుకు మీద 26 శాతం సుంకం ప్రకటించింది. సుంకం ఇంకా అమలు కాలేదు, చెరువు గట్ల మీద ధర మాత్రం ఆ వారంలోనే పడిపోయింది. వారం తిరిగేసరికి, 9వ తేదీన, ఆ సుంకాన్ని 90 రోజులు వాయిదా వేశారు. ఈలోగా భయపడి పట్టుబడి చేసినవాళ్ల నష్టం నష్టంగానే మిగిలింది. రైతులు అడిగిన ప్రశ్న ఒకటుంది. అమెరికా వాళ్లు ఎక్కువగా కొనేది పెద్ద రొయ్య, అంటే తక్కువ కౌంట్. వంద కౌంట్ చిన్న రొయ్యకు గిరాకీ వేరే దేశాల్లో ఉంటుంది. మరి సుంకం అమెరికాలో పడితే వంద కౌంట్ ధర ఎందుకు తగ్గించారు? ఆగస్టు 27న సుంకం 50 శాతానికి చేరినప్పుడు కష్టం ఇంకా పెద్దదైంది, ప్రశ్న మాత్రం అదే.

ఎగుమతిదారుల వైపూ న్యాయం చెప్పాలి. వాళ్లకీ కష్టాలున్నాయి. ముందే ఒప్పుకున్న ధరకు సరుకు పంపాలి. సముద్రం మీద వారాల తరబడి కంటెయినర్ ఉంటుంది, డబ్బు తర్వాతెప్పుడో వస్తుంది, మధ్యలో సుంకం మారితే నష్టం ఎవరిదన్నది బేరం. రేపటి నష్టానికి ఇవాళే జాగ్రత్త పడడం వ్యాపారి లక్షణం. తప్పు అనను. కానీ ఆ లెక్క తెరిచి చూపితే రైతు అర్థం చేసుకోగలడు. కోల్డ్ స్టోరేజీలో ఎంత సరుకు ఉంది, ఏ కౌంట్‌కు ఏ దేశంలో గిరాకీ ఉంది అని తెలిస్తే రైతు పట్టుబడి ఇవాళ చేయాలా, వారం ఆగాలా అని తనే నిర్ణయించుకుంటాడు. తెలియకపోతే పుకారు నిర్ణయిస్తుంది.

మందుల దగ్గరా ఇదే వరస. రైతు దుకాణంలో ప్రోబయోటిక్ అని కొంటాడు. సంచీ మీద పేరు ఉంటుంది, రొయ్య బొమ్మ ఉంటుంది, లోపల ఏముందో సరిగా రాసి ఉండదు. అందులో నిషేధించిన మందు కలిసి ఉంటే, రేపు పరీక్షలో దొరికేది రైతు రొయ్య. అమ్మినవాడి పేరు ఎక్కడా రాదు. జాడ అనేది చెరువు దగ్గర మొదలై ముందుకు పోవడం చాలదు. చెరువులోకి వచ్చిన ప్రతి సంచీ దగ్గరికి, వెనక్కి కూడా పోవాలి. సీడ్ నాణ్యత గురించి 2006లో, మేత నాణ్యత గురించి 2020లో మన రాష్ట్రంలో చట్టాలు వచ్చాయి. వాటి బలం రైతు చేతిలో ఉన్న బిల్లు మీద, ఆ బిల్లు మీది బ్యాచ్ నంబరు మీద ఆధారపడి ఉంటుంది.

కాబట్టి ఏం చేయాలి? మనకు దగ్గరలోనే ఒక పాఠం ఉంది. 1946లో గుజరాత్‌లోని ఖేడా జిల్లా పాడి రైతులు సంఘం పెట్టుకున్నారు. దళారులు చెప్పిందే ధర కావడం వాళ్ల బాధ. పాల సంఘాలు నిలబడ్డ రహస్యాల్లో ఒకటి వెన్న శాతం పరీక్ష. పాలు పోసిన మనిషి కళ్లెదుటే వెన్న చూసి, లీటర్లు, వెన్న శాతం, ధర రాసి చేతికి ఇస్తారు. అర లీటరు పోసిన ముసలమ్మకూ అదే చీటీ, యాభై లీటర్లు పోసిన మోతుబరికీ అదే చీటీ. ఆ చీటీ నమ్మకాన్ని పుట్టించింది. నమ్మకం ఉన్న చోట సరుకులో నీళ్లు కలపాలన్న ఆలోచన తగ్గింది.

రొయ్యకూ అలాంటి చీటీ కావాలి. పట్టుబడి రోజున తేదీ, చెరువు నంబరు, కౌంట్, తూకం, ధర, కొన్నవారి పేరు, లారీ నంబరు రాసి రైతుకు ఒక ప్రతి ఇవ్వాలి. రెండు మూడు చెరువుల సరుకు ఒకే లారీలో వేస్తే ఆ చెరువుల నంబర్లన్నీ ప్లాంటు గేటు దగ్గర నమోదు కావాలి. దీనికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. చేతిలో ఫోను ఉంది, ఫోటో తీసి పంపడం అందరికీ వచ్చు. పెట్టె మీద క్యూఆర్ కోడ్ ముద్రిస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. ఆ కోడ్ మనం ఎక్కించిందే చూపిస్తుంది. గట్టు మీద అబద్ధం ఎక్కిస్తే న్యూయార్కులో అబద్ధమే కనిపిస్తుంది.

రెండోది పరీక్ష ఫలితం. ఐరోపాకు పంపే సరుకుకు పట్టుబడికి ముందే నమూనా తీసి పరీక్షించే పద్ధతి ఉంది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, అందరూ ఎంపెడా అని పిలిచేది, చెరువులకు నమోదు నంబర్లు ఇస్తుంది, ల్యాబులు నడుపుతుంది. ఏ ల్యాబులో ఏ పరీక్ష జరిగినా ఆ కాగితం తెలుగులో రైతు చేతికి రావాలి. అనుమానం ఉంటే నమూనాలో మిగిలిన భాగాన్ని మరో ల్యాబులో పరీక్షించమని అడిగే హక్కు ఉండాలి. విదేశంలో సరుకు తిరస్కరించారంటే ఏ కారణంతోనో ఆ లాట్‌లోని రైతులందరికీ చెప్పాలి. కారణం తెలియకపోతే వచ్చే పంటలో ఏం మార్చుకోవాలో ఎలా తెలుస్తుంది?

మూడోది ధర. కౌంట్ వారీగా ఇవాళ ప్లాంట్లు నిజంగా చెల్లించిన ధర సాయంత్రానికి అందరికీ తెలియాలి. ప్రకటించిన ధర ఒకటి, చెల్లించింది ఒకటి కాకూడదు. రేడియోలో పత్తి ధర, మిర్చి ధర చెప్పినట్టు రొయ్య ధర కూడా చెప్పుకునే రోజు రావాలని నా కోరిక.

నాలుగోది కౌలు రైతు సంగతి. చాలా చోట్ల చెరువు ఒకరి పేరున ఉంటుంది, సాగు ఇంకొకరు చేస్తారు. కాగితం మీద భూమి యజమాని మాత్రమే కనిపిస్తే, పంట పోయినప్పుడు పరిహారమైనా, పంట బాగున్నప్పుడు పేరైనా అసలు కష్టపడ్డవాడికి రాదు. చెరువు నమోదులో సాగుదారు పేరు కూడా ఉండాలి.

ఇవన్నీ ఒక్క రైతు ఒంటరిగా సాధించలేడు. కలిసికట్టుగా చేసిన అనుభవం మనకు ఉంది. 2000ల తొలి ఏళ్లలో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో రొయ్య రైతులు ఆక్వా క్లబ్బుగా ఏర్పడి, ఒకేసారి సీడ్ వేయడం, నీళ్లు వదిలేటప్పుడు పక్క చెరువువాళ్లకు చెప్పడం, రోగం వస్తే దాచకుండా బయటపెట్టడం మొదలుపెట్టారు. ఆ దారిలోనే 2007లో నాక్సా అనే జాతీయ సంస్థ వచ్చి చిన్న రైతులను సంఘాలుగా కూడగట్టింది. పక్క చెరువు రైతుకు నిజం చెప్పడం దగ్గరే పారదర్శకత మొదలవుతుందని మొగల్తూరు రైతులు చూపించారు. నా చెరువులో తెల్లమచ్చ వచ్చింది అని చెప్పడానికి ధైర్యం కావాలి. చెప్పకుండా నీళ్లు కాలువలోకి వదిలితే ఊరంతా మునుగుతుంది.

ఇక తినేవాళ్లకు ఒక మాట. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన తెలుగువాళ్లు రొయ్యల సంచీ కొంటే దాని మీద ఇండియా సరుకు అనీ, చెరువులో పెంచినవి అనీ రాసి ఉంటుంది. అంతవరకు అక్కడి చట్టం రాయమంటుంది. ఏ జిల్లా, ఏ రైతు సంఘం, కూలీకి ఎంత ఇచ్చారు అన్నది రాసి ఉండదు. దుకాణంవాళ్లను అడగండి. తినేవాళ్లు అడిగిన ప్రశ్నకు ఉన్న బలం ఏ చట్టానికీ లేదు. అడిగేటప్పుడు ఇంకోటి కూడా అడగండి: ఇంత రికార్డు పెట్టిన రైతుకు మీరు ఎంత ఎక్కువ ఇస్తున్నారు? ఎక్కువ ధర ఇవ్వకుండా ఎక్కువ వివరాలు అడగడం న్యాయం కాదు.

విదేశాల సంగతి సరే, మన సంతలో కొనే రొయ్య మాటేమిటి? ఐరోపా కంచానికి అన్ని పరీక్షలు, మన కంచానికి అంత పట్టింపు లేకపోవడం ఏం పద్ధతి? హైదరాబాదులో, విజయవాడలో చేపల మార్కెట్టుకు వచ్చే సరుకు మీద కూడా చెరువు పేరు, పట్టుబడి తేదీ ఉండాలి. మన పిల్లల ఆరోగ్యం వాళ్ల పిల్లల ఆరోగ్యం కంటే తక్కువేమీ కాదు. పైగా మన దేశంలోనే నమ్మకంగా తినేవాళ్లు పెరిగితే, ఎక్కడో ఒక దేశం సుంకం పెంచగానే ఇక్కడ గట్టు మీద ధర కుప్పకూలే పరిస్థితి తగ్గుతుంది.

రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నా మనవి ఇది. రేపటి పంట నుంచి ఒక పుస్తకం పెట్టుకోండి. సీడ్ ఎక్కడ కొన్నారు, సంచీ మీది బ్యాచ్ నంబరు ఎంత, ఏ రోజు ఏ మందు వేశారు, పట్టుబడికి కౌంట్ ఎంత వచ్చింది, రాసుకోండి. బిల్లు లేకుండా ఏ సంచీ కొనకండి. కౌంట్ తీసేటప్పుడు పక్కనే నిలబడి చూడండి, చీటీ అడిగి తీసుకోండి. ఎగుమతిదారులకు నా మనవి: ఆ చీటీ ఇవ్వండి, పరీక్ష ఫలితం చెప్పండి, ధర ఎందుకు తగ్గిందో చెప్పండి. ప్రభుత్వానికి నా మనవి: నియమాలు రైతు మీద ఎంత గట్టిగా ఉన్నాయో, దుకాణం మీద, ఏజెంటు మీద, ప్లాంటు మీద కూడా అంతే గట్టిగా ఉండాలి.

మన చెరువును ప్రపంచం చూస్తానంటోంది. చూడనిద్దాం. ప్రపంచాన్ని చూసే హక్కు మన చెరువు రైతుకు కూడా ఉందని అడుగుదాం. అడిగి, సాధించుకుందాం.